గాడిద గుడ్డు

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు, వచ్చిన చుట్టాలందరూ బస్సులెక్కాక, అటక మీద నుంచి ఆయన పనిముట్ల పెట్టె దింపాను. పనికొచ్చేవాళ్ళెవరికైనా ఇచ్చెయ్యమని అమ్మ ఎన్నాళ్ళ నుంచో పోరుతోంది. మూత తియ్యగానే గుప్పుమంది. గ్రీజు, కిరోసిన్, తుప్పు, నూనె పీల్చి నల్లబడ్డ కాటన్ వేస్టు, అన్నీ కలిసిన వాసన. నా చిన్నప్పుడు నాన్న అంటే ఆ వాసనే. గుడివాడ ఆర్టీసీ డిపోలో మెకానిక్. నైట్ డ్యూటీ దిగి తెల్లారుజామున వచ్చేవాడు. పెరట్లో కిరోసిన్‌తో ఒకసారి, లైఫ్‌బాయ్ సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నా ఆ వాసన పోయేది కాదు. అన్నం ముద్ద కలిపి పెడితే అందులోనూ లీలగా తగిలేది. మాకు అలవాటే.

పానాలు, రింగ్ స్పానర్లు ఒక్కొక్కటీ తీసి పాత పేపరు మీద పెడుతున్నాను. అడుగున ఒక హార్లిక్స్ సీసా. దాన్నిండా వాషర్లు, కాటర్ పిన్నులు. వాటి మధ్య ఒక బిళ్ళ పచ్చగా మెరిసింది. ఇత్తడి వాషరేమో అనుకున్నాను, కానీ మధ్యలో కన్నం లేదు. అమ్మకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఓరినీ, ఇది గాడిద గుడ్డు కదరా!" అంది.

తెలియనివాళ్ళకి అమ్మ మతి తప్పి మాట్లాడుతోందనిపిస్తుంది. నాకు మాత్రం ఆ మాటతో ఒక రోజంతా కళ్ళ ముందుకొచ్చింది.

*

"గాడిద గుడ్డు" నాన్న ఊతపదం. ఇంజను విప్పాలంటున్నారని ఎవరైనా అంటే "గాడిద గుడ్డేం కాదూ, నాజిల్ తుడిస్తే చాలు" అనేవాడు. నాకు ఎంసెట్‌లో ర్యాంకొచ్చిందని పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పినా "ర్యాంకు గాడిద గుడ్డు, సీటొస్తుందా?" అనే అడిగాడు. ఆ తరవాత వీధి చివరికెళ్ళి అందరికీ చెప్పొచ్చాడని అమ్మ చెప్తే తెలిసింది.

ఇంజను రోగం కనిపెట్టడానికి ఆయన దగ్గరొక పద్ధతి ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. డాక్టరుగారి గొట్టంలాగా. కాసేపటికి "బేరింగు ఏడుస్తోంది" అనేవాడు. విప్పి చూస్తే బేరింగే అయ్యుండేది.

తిరునాళ్ళకి తీసుకెళ్తే మమ్మల్ని రంగులరాట్నం ఎక్కించేవాడు. మేం ఒక చుట్టు తిరిగి కిందికొచ్చేసరికి మనిషి మాయం. రాట్నం వెనక జనరేటర్ దగ్గర బీడీ కాల్చే ఆపరేటర్‌తో కబుర్లలో ఉండేవాడు. చెక్కల బావిలో మోటార్ సైకిల్ తిప్పే ఆటకి తీసుకెళ్ళినా అంతే. జనమంతా పైన నిలబడి లోపలికి చూస్తుంటే, ఆయన కింద చుట్టూ తిరిగి బోల్టులు వదులయ్యాయేమో చూసొచ్చేవాడు. మా స్నేహితుల నాన్నలందరూ పిల్లలతోపాటు నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. మా నాన్న అలా చూడడని నాకు లోపల కాస్త చిన్నతనంగానే ఉండేది. ఇప్పుడు ఒప్పుకోవచ్చు.

*

ఆయన రిటైరయ్యాక సంగతి ఇది. అప్పుడు మేం నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో ఉండేవాళ్ళం. కంపెనీవాళ్ళు రెండేళ్ళకని పంపారు, నాలుగేళ్ళు దాటింది. చిన్నికి ఆరేళ్ళు. అమ్మానాన్నల్ని మూణ్ణెల్ల వీసా మీద పిలిపించాం. అమ్మకి వంటిల్లు, మనవరాలు, బాల్కనీలో పుదీన కుండీలు. రోజు ఇట్టే గడిచిపోయేది. నాన్నకే తోచేది కాదు. మంకీ క్యాపు పెట్టుకుని, ప్యాంటు మీద నా పాత జాకెట్టు వేసుకుని వీధులు తిరిగేవాడు. ఎక్కడ రోడ్డు తవ్వుతుంటే అక్కడ ఆగేవాడు. ఆ మూణ్ణెల్లలో ఆయన చూసిన వింతలన్నీ మురుగు గొట్టాల గోతుల దగ్గరే.

ఎఫ్టెలింగ్ అనే వినోదాల పార్కుకి వెళ్దామంటే "ఏముందక్కడ?" అన్నాడు. బొమ్మలు, కథలు, రాట్నాలు అని చెప్పాను. డిస్నీ లాంటిదా అని అమ్మ అడిగింది. నిజానికి వయసులో డిస్నీకి అన్నయ్య. అమెరికాలో డిస్నీలాండ్ తెరిచింది 1955లో, ఎఫ్టెలింగ్‌లో కథల అడవి తెరిచింది 1952లో. అంతకు ముందు అక్కడ చర్చి ఫాదర్ల పూనికతో పెట్టిన ఆటస్థలం ఉండేదట. అది ఉన్నది కాట్స్‌హూవెల్ అనే చిన్న ఊళ్ళో, చెప్పులు కుట్టే పనికి పేరున్న ప్రాంతం.

ముందురోజు రాత్రే అమ్మ పులిహోర కలిపింది. పొద్దున్నే రైల్లో టిల్‌బర్గ్, అక్కడి నుంచి బస్సు. బస్సెక్కగానే నాన్న డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని గేరు మారే చప్పుడు కోసం చూశాడు. రాలేదు. ఆటోమేటిక్. "నిద్రొస్తుంది ఇలాంటి బండి నడిపితే" అన్నాడు.

గేటు దగ్గర ఆకాశంలోకి పొడుచుకుపోయిన పెద్ద పెద్ద రెల్లు కప్పులు. ఇంత పొడుగు రెల్లు ఇల్లు నేనెక్కడా చూడలేదు. చిన్ని మంత్రగాడి టోపీ అంది. నాన్న "వాన కారదా? ఎన్నేళ్ళకోసారి మారుస్తారు?" అన్నాడు. నాకేం తెలుసు.

*

కథల అడవి అంటే నిజంగా అడవే. పైన్ చెట్ల నీడ, తడి మట్టి వాసన, ఒంకరటింకర దారులు. మలుపు తిరిగినచోటల్లా ఒక కథ. ఒక ఇంటి కిటికీలోంచి చూస్తే వందేళ్ళ నిద్రలో ఉన్న రాకుమారి, గుండె పైకీ కిందికీ ఆడుతూ. ఇంకోచోట మెడ బారెడు పొడుగు సాగదీసి చెట్ల మీద నుంచి తొంగిచూసే మనిషి. ఒక వీధిలో మనిషి లేకుండా ఒట్టి ఎర్ర బూట్లు వాటంతటవే డాన్స్ చేస్తున్నాయి. ఆన్టన్ పీక్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మల్లోంచి ఇదంతా లేచి నిలబడింది. అట్టలతో, గుడ్డలతో నాటకాల సెట్టింగులాగా కట్టే పనైతే నేను రానని ఆయన మొదట్లోనే షరతు పెట్టాడంటారు. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. నాన్న మాత్రం ప్రతి గోడనీ వేలి కణుపుతో కొట్టి చూశాడు. "రాయే. నిజం రాయే" అని తల ఊపాడు. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మెప్పు అది.

ఎర్ర పుట్టగొడుగులు గుర్తున్నాయి. తెల్ల చుక్కలవి, చిన్ని నడుము దాకా ఉంటాయి. దారి పక్కన మౌనంగా ఉన్నట్టుంటాయి. దగ్గరికెళ్ళి చెవి ఆనిస్తే లోపల హార్ప్సికార్డ్ అనే పియానో లాంటి పాత వాయిద్యం మోగుతుంది, గాజుగ్లాసు మీద చెంచాతో వాయిస్తున్నట్టు. చిన్ని ఒకదాన్ని కావలించుకుని వదల్లేదు. పక్కదాని ముందు నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, మంకీ క్యాపు పైకి తోసి చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. డిపోలో స్క్రూడ్రైవర్ పిడికి చెవి పెట్టినట్టే. ఎంతసేపో. వెనక డచ్చి పిల్లలు వంతు కోసం నిలబడ్డారు. నేను భుజం తడితే లేచి, "స్పీకరు కొత్తది, పాట పాతది" అన్నాడు.

అమ్మకి మాత్రం అక్కడ ఒకడితో స్నేహం కుదిరింది. హోలె బోలె హైస్. లావుపాటి మనిషి బొమ్మ. అది చెత్త డబ్బా. నోరు తెరుచుకుని "పపీర్ హీర్! పపీర్ హీర్!" అని అరుస్తుంటాడు, కాయితం ఇటెయ్యమని. నోటి దగ్గర పెడితే సర్రున లోపలికి పీల్చేసి "డాంక్ యూ వెల్" అంటాడు. 1959 నుంచి అలా అరుస్తూనే ఉన్నాడు. అమ్మ మొదట ఆకలేసి అడుగుతున్నాడేమో అనుకుంది. సంగతి తెలిశాక చిన్నీ అమ్మా కలిసి దారిలో పడున్న ప్రతి కాయితం ముక్కా ఏరి తెచ్చి వాడికి తినిపించారు. పులిహోర విస్తర్లు కూడా. మూణ్ణెల్లలో అమ్మ నేర్చుకున్న డచ్చి మాట డాంక్ యూ వెల్ ఒక్కటే. ఇప్పటికీ కూరగాయల అబ్బాయితో అంటుంది.

పులిహోర తిన్నది ఇండియా కలువల గుహ ఎదురుగా ఉన్న బెంచీ మీద. లోపల కొలను, కప్పల బ్యాండు, కలువపూలు విచ్చుకుని అందులోంచి చిన్న చిన్న అప్సరసలు లేచి ఆడతారు. ఆ కథ రాసింది బెల్జియం రాణి ఫాబియోలా. 1966లో ఇక్కడ కట్టారు. పేరులో ఇండియా ఉందని చెప్తే అమ్మ ఉత్సాహంగా వెళ్ళి చూసొచ్చి, "ఆ పిల్లలకి ఒక్కళ్ళకీ బొట్టు లేదు" అంది.

*

ఫకీరు దగ్గర మాత్రం మేం ఆగిపోయాం. రెండు గుండ్రటి బురుజులు, మధ్యలో ఖాళీ. ఒక బురుజులో తలపాగా ఫకీరు కూర్చుని వేణువు ఊదుతాడు. ఊదితే మట్టిలోంచి ట్యూలిప్ పూలు పైకొస్తాయి. ఎంత హాలండు ఫకీరో చూడండి, పాముని కాకుండా ట్యూలిప్‌ని ఆడిస్తాడు! ఆ తరవాత తివాచీ మీద కూర్చుని గాల్లో తేలుతూ రెండో బురుజుకి వెళ్ళిపోతాడు. అక్కడా ఊదుతాడు, అక్కడా పూలు లేస్తాయి. మళ్ళీ వెనక్కి.

నేనొకసారి చూసి పదమన్నాను. నాన్న కదల్లేదు. రెండోసారి ఎడమవైపు నుంచి చూశాడు. మూడోసారి కుడివైపు నుంచి. నాలుగోసారి వంగి కింద నుంచి. "ఎక్కడో ఆనాలి కదరా, ఊరికే ఎలా తేలుతాడు?" అని గొణుక్కుంటున్నాడు. ఎర్ర బూట్ల సంగతి ఒక్క క్షణంలో "కింద అయస్కాంతం" అని తేల్చేశాడు. మెడవాడి సంగతీ అంతే, "లోపల గొలుసు". నిజమో కాదో నాకు తెలియదు గానీ ఆయన లెక్కలో అవి రెండూ అయిపోయాయి. ఫకీరు దగ్గర మాత్రం లెక్క తెగట్లేదు.

అయిదోసారి ఫకీరు గాల్లో ఉండగా నాన్న మొహం మారింది. చిన్నిని దగ్గరికి లాక్కుని, చెవిలో ఏదో చెప్పాడు. అది నోరు రెండు చేతుల్తో మూసుకుని పడీ పడీ నవ్వింది. ఏంటి నాన్నా అంటే "నీకు ఇంటికెళ్ళాక చెప్తాలే" అన్నాడు. ఇంటికెళ్ళాక నేనూ మర్చిపోయాను.

*

పైథాన్ అనే రోలర్ కోస్టర్ ఎక్కింది నేనొక్కణ్ణే, అదీ నాన్న బలవంతం మీద. పసుపుపచ్చ ఇనుప పట్టాలు, బండి రెండుసార్లు నిలువు చుట్టు తిరిగి, రెండుసార్లు మరమేకు మరల్లే మెలితిరుగుతుంది. 1981 నాటిది. ఆ ముందు వారమే ఆఫీసులో ఒక డచ్చి సహోద్యోగి చెప్పాడు, దాన్ని చేసిన వెకోమా కంపెనీ 1926లో మొదలైనప్పుడు వ్యవసాయ పనిముట్లు చేసేదట. ఆ మాట నాన్నకి చెప్పకుండా ఉండాల్సింది. "నాగళ్ళు చేసేవాడు ఇది చేశాడా!" అని కింద స్తంభాల చుట్టూ తిరిగి, తిరిగొచ్చి, "వెల్డింగు బ్రహ్మాండంగా ఉంది. భయం లేదు, ఎక్కు" అన్నాడు. దిగాక నాకు పది నిమిషాలు మాట రాలేదు. వెల్డింగు నిజంగానే బాగుందని మాత్రం ఒప్పుకోవాలి.

డ్రూమ్‌ఫ్లుఖ్ట్ అని ఒకటి ఉంది, కలలో ఎగరడం అని అర్థం. పైనుంచి వేలాడే చిన్న బండ్లలో చీకట్లోకి తీసుకెళ్తారు. దేవకన్యలు, వానలో తడిసే అడవి, గాల్లో తేలే కోటలు. అమ్మ మొదటి నుంచి చివరిదాకా చేతులు జోడించే కూర్చుంది. బయటికొచ్చాక "స్వర్గం ఇలాగే ఉంటే పరవాలేదు" అంది. నాన్న పైకి చూస్తూ కూర్చున్నాడు, బండ్లు ఏ పట్టా మీద వేలాడుతున్నాయోనని. స్వర్గంలో కూడా ముందు దూలాలే చూస్తాడు మా నాన్న.

దయ్యాల కోట గురించి చెప్పను. చిన్ని ఏడ్చింది, నాకూ ఏడుపొచ్చింది.

ఆ కోట హడావుడిలోనే నాన్న తప్పిపోయాడు. బయటికొచ్చి చూస్తే లేడు. చేతిలో ఫోను లేదు, డచ్చి రాదు, ఇంగ్లీషు "థాంక్యూ సార్" వరకే. నాకు ఒక్కసారి కాళ్ళల్లో వణుకు మొదలైంది. చినుకులు కూడా పడుతున్నాయి. అరగంట తిరిగాను. టెన్షన్‌లో నా భార్య మీద అరిచాను కూడా, ఆమె తప్పేం లేకపోయినా. అమ్మ ఒక్కతే బెంచీ మీద నిమ్మళంగా కూర్చుని, "మనుషులున్నచోట ఎందుకురా వెతుకుతావు? ఇనుమున్నచోట వెతుకు" అంది.

అంతలో కూత వినిపించింది. పార్కంతా చుట్టి వచ్చే రైలుబండి ఉంది అక్కడ, 1969 నుంచీ నడుస్తోంది. ఉత్తుత్తి బొమ్మ రైలు కాదు, నిజంగా ఆవిరితో నడిచే ఇంజన్లు. ఒకదాని పేరు ఆఖ్యె, మన వైపు సీతాలు అన్నట్టు. స్టేషన్‌కి పరుగెత్తాను. ప్లాట్‌ఫారం చివర ఇంజను పక్కన మా నాన్న. ఎదురుగా నీలం దుస్తుల్లో ఆయన ఈడు డ్రైవర్. చేతిలో పొడుగు మూతి నూనె డబ్బా. ఆయన డచ్చిలో, మా నాన్న తెలుగులో. ఇద్దరూ చేతులు తిప్పుతూ, కడ్డీలు చూపించుకుంటూ మాట్లాడేసుకుంటున్నారు. నేను వెళ్ళేసరికి నాన్న రెండు వేళ్ళకి నూనె రాసుకుని రుద్ది, వాసన చూస్తున్నాడు. డ్రైవర్ ఆయన గోళ్ళ వైపు చూసి, తన గోళ్ళు చూపించి నవ్వాడు.

కోప్పడదామని వెళ్ళినవాణ్ణి ఊరికే నిలబడిపోయాను.

ఆ తరవాత అదే సహోద్యోగి ఇంకో మాట చెప్పాడు. పీక్ గీసిన బొమ్మల్ని కదిలించింది పీటర్ రైండర్స్ అనే ఆయన. మా ఐండ్‌హోవెన్ మనిషే. 1951లో ఫిలిప్స్ కంపెనీ అరవై ఏళ్ళ పండక్కి ఒక కథల తోట కట్టాడు. అది చూసే కాట్స్‌హూవెల్‌లో ఈ పని అప్పజెప్పారట, అక్కడి మేయరుకి ఆయన బంధువు కూడా. ఫోనులో నాన్నకి చెప్పాను, అప్పటికి వాళ్ళు గుడివాడ వెళ్ళిపోయారు. కాసేపు ఏమీ అనలేదు. "బొమ్మ గీసినాయన గురించి చెప్పావు గదా. బోల్టు బిగించినాయన గురించీ చెప్పాల్సింది" అన్నాడు.

*

గాడిద సంగతి చెప్పనేలేదు కదూ. ఇంటికి బయల్దేరే ముందు చివరగా చూసింది అదే. అడవిలో ఒకచోట ఒక గాడిద బొమ్మ. చిల్లర వేస్తే తోక లేపి, వెనక నుంచి బంగారు రంగు నాణెం వేస్తుంది. గ్రిమ్ సోదరుల కథలోది. చిన్ని నా దగ్గర చిల్లర తీసుకుని వేసింది, టంగుమని పడింది. తీసుకుని, పరుగెత్తుకెళ్ళి, "తాతయ్యా, ఇదిగో గాడిద గుడ్డు!" అని అరిచింది.

మా నాన్న అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. దగ్గొచ్చి, కళ్ళల్లో నీళ్ళొచ్చి, చెట్టు పట్టుకుని నిలబడ్డాడు. బస్సులో గుర్తొచ్చి మళ్ళీ నవ్వాడు. బిళ్ళ జేబులో వేసుకున్నాడు. అది వాషర్ల సీసాలోకి ఎప్పుడు చేరిందో అమ్మకీ తెలియదు.

*

చిన్ని ఇప్పుడు చదువుకి ఏరికోరి ఐండ్‌హోవెన్‌కే వెళ్ళింది. కిందటి శీతాకాలం స్నేహితుల్తో ఎఫ్టెలింగ్ వెళ్ళొచ్చి కబుర్లు చెప్పింది. దయ్యాల కోట లేదట. 2022లో మూసి కూల్చేశారు, ఆ జాగాలో 2024లో డాన్స్ మకాబ్రే అని కొత్తది తెరిచారు. పైథాన్ పట్టాలు కూడా 2018లో చాలావరకు మార్చేశారు. పుట్టగొడుగులున్నాయి. హైస్ ఇంకా కాయితాలు అడుగుతూనే ఉన్నాడు.

బిళ్ళ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. రెండు నిమిషాల్లో వీడియో కాల్ చేసింది. కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వుతోంది. నానమ్మని పిలిచి ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకున్నారు. పెట్టె ఎవరికీ ఇవ్వద్దంది. అప్పుడు ఉన్నట్టుండి నాకు గుర్తొచ్చింది.

"చిన్నీ, ఆరోజు ఫకీరు దగ్గర తాతయ్య నీ చెవిలో ఏదో చెప్పాడు కదా. ఎలా ఎగురుతున్నాడో కనిపెట్టాడా?"

"కనిపెట్టాడు."

"ఏం చెప్పాడే?"

"నీకు చెప్పద్దన్నాడు నాన్నా."

"ఆయన పోయి ఏడాదైంది, ఇప్పుడైనా చెప్పు."

అది కాసేపు ఆలోచించింది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని ఫోను దగ్గరికి వంగింది.

"గాడిద గుడ్డు" అంది చిన్ని.